బొమ్మ సూపర్‌మేన్ - మనిషి సూపర్‌మేన్ : క్రిస్టఫర్ రీవ్ జీవితం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి మా సీనియర్లు రాసినవి చదివే నేను వ్యాసం రాయడం నేర్చుకున్నాను. ఈసారి నా వంతు వచ్చింది. నేను ఎంచుకున్నది ఒక అమెరికా సినిమా నటుణ్ణి. హాస్టల్ సంచికలో సినిమా వాళ్ళ గొడవ ఎందుకని పెద్దలు అనుకోవచ్చు. చివరిదాకా చదివి అప్పుడు చెప్పండి.

పాత తగువు

ఈమధ్య ఒక ఆదివారం హాస్టల్‌కి వచ్చాను. టిఫిన్లు అయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలు వరండాలో కూర్చుని గట్టిగా వాదించుకుంటున్నారు. సంగతేమిటా అని దగ్గరికి వెళ్తే, సూపర్‌మేన్ కార్టూన్‌లో బాగుంటాడా, సినిమాలో బాగుంటాడా అన్నది తగువు. ఒకడు 2025లో వచ్చిన కొత్త సినిమా గొప్పంటున్నాడు. ఇంకొకడు కార్టూనే అసలైనదంటున్నాడు. నాకు నవ్వొచ్చింది. పాతికేళ్ళ కిందట ఇదే వరండాలో ఇదే తగువు మేమూ పడ్డాం.

అప్పట్లో హాస్టల్ మొత్తానికి ఒక్కటే టీవీ. ఆదివారం వార్డెన్ గారి దయ ఉంటేనే అది మోగేది. కార్టూన్ పక్షం వాళ్ళు ఒకటే మాట పట్టుకునేవారు. బొమ్మ అయితే కొండను పిండి చేస్తుంది, మెరుపులా మాయమవుతుంది, తీగలు కనబడవు, అలసట రాదు అని. సినిమా పక్షం వాళ్ళు కళ్ళు చూడమనేవారు. బొమ్మకు కళ్ళుంటాయి గానీ చూపు ఉండదని వాళ్ళ వాదన. మాలో ఒకడు మాత్రం 1980లో ఎన్.టి.రామారావు గారు వేసిన తెలుగు 'సూపర్‌మేన్' ముందు ఆ ఇద్దరూ దిగదుడుపేనని తేల్చేసి ప్లేటు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు.

నేను సినిమా పక్షం. ఎందుకో గట్టిగా చెప్పలేకపోయేవాణ్ణి. ఆ సినిమాలో ఎగిరిన నటుడి పేరు క్రిస్టఫర్ రీవ్ అని, మేము అలా వాదించుకుంటున్న రోజుల్లోనే ఆయన అమెరికాలో భుజాల కింద ఒళ్ళు కదలక చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నారని నాకు అప్పుడు తెలియదు. తెలిసిన తర్వాత ఆ తగువు నాకు తగువులా అనిపించలేదు.

ముందు బొమ్మ, తర్వాత మనిషి

రీవ్ జీవితం తెలియాలంటే ముందు సూపర్‌మేన్ పుట్టుక కొంచెం తెలియాలి. ఈ పాత్రను సృష్టించింది క్లీవ్‌లాండ్ నగరంలోని ఇద్దరు పేద కుర్రాళ్ళు. కథ రాసింది జెర్రీ సీగెల్, బొమ్మ గీసింది జో షుస్టర్. ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. 1938లో వాళ్ళ సూపర్‌మేన్ 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో అచ్చయింది. ఆ పాత్ర మీద హక్కులు మొత్తం 130 డాలర్లకు రాసిచ్చేశారు. ఆ తర్వాత కంపెనీలు కోట్లు గడించాయి, వాళ్ళిద్దరూ మాత్రం ఇబ్బందులు పడ్డారు. పత్రికల్లో గోల అయ్యాక 1975 చివరలో గానీ వాళ్ళకు ఏటా 20 వేల డాలర్ల భృతి, సృష్టికర్తలుగా పేరు దక్కలేదు.

తొలి కథల్లో సూపర్‌మేన్ ఎగరడు, పెద్ద పెద్ద గంతులు వేస్తాడు. 1941లో ఫ్లైషర్ సోదరుల స్టూడియో అతన్ని కార్టూన్ చిత్రంగా తెర మీదికి తెచ్చింది. 1943 వరకు మొత్తం 17 చిన్న చిత్రాలు వచ్చాయి. మొదటిదానికి ఆస్కార్ నామినేషన్ కూడా దక్కింది. వాటికి గొంతు ఇచ్చిన బడ్ కాలియర్ అమాయకుడైన విలేకరి క్లార్క్ కెంట్‌కు సన్నని గొంతు, సూపర్‌మేన్‌కు గంభీరమైన గొంతు వాడేవాడు.

మనిషి వేషం కట్టి సూపర్‌మేన్‌గా తెర మీదికి వచ్చింది 1948లో. కిర్క్ ఆలిన్ నటించిన 15 భాగాల సీరియల్ అది. అందులో ఒక తమాషా ఉంది. నటుడు చేతులు పైకెత్తి గెంతగానే అతని స్థానంలో గీసిన బొమ్మ వచ్చి ఎగిరిపోయేది. దిగాక మళ్ళీ మనిషి వచ్చేవాడు. అంటే నేల మీద మనిషి, గాల్లో బొమ్మ. ఆ తర్వాత 1952 నుంచి 1958 వరకు టీవీలో జార్జ్ రీవ్స్ ఆ వేషం వేసి పిల్లల అభిమానం సంపాదించారు. పేరు దగ్గరగా ఉన్నా ఆయనకూ మన క్రిస్టఫర్ రీవ్‌కూ చుట్టరికం లేదు.

బొమ్మ సాయం లేకుండా ఒక మనిషి ఎగురుతున్నాడని ప్రేక్షకుడు నమ్మాలంటే ఇంకో ఇరవై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది.

బాల్యం - విద్యాభ్యాసం

క్రిస్టఫర్ రీవ్ 1952 సెప్టెంబరు 25న న్యూయార్క్ నగరంలో జన్మించారు. తండ్రి ఫ్రాంక్లిన్ రీవ్ రచయిత, రష్యన్ భాషా పండితుడు. తల్లి బార్బరా పత్రికా విలేకరి. చదువుకున్న ఇల్లే గానీ సుఖమైన ఇల్లు కాదు. పిల్లవాడికి నాలుగేళ్ళు రాకముందే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి క్రిస్టఫర్‌ను, తమ్ముడు బెంజమిన్‌ను తీసుకుని న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ ఊరికి వెళ్ళిపోయింది. రెండు ఇళ్ళ మధ్య నలిగిన ఆ పిల్లవాడికి బడిలో వేసే నాటకాలు ఆసరా అయ్యాయి. తొమ్మిది పదేళ్ళ వయసులోనే రంగస్థలం ఎక్కారు. 15 ఏళ్ళప్పుడు వేసవి సెలవుల్లో విలియమ్స్‌టౌన్ నాటకోత్సవంలో శిక్షణకు చేరారు.

నటుడు కావాలని నిశ్చయించుకున్నా చదువు మానలేదు. ప్రసిద్ధమైన కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి 1974లో డిగ్రీ పూర్తి చేశారు. చివరి ఏడాది న్యూయార్క్‌లోని జూలియార్డ్ కళాశాలలో నటన నేర్చుకున్నారు. అక్కడ ఆయనకు దొరికిన స్నేహితుడు రాబిన్ విలియమ్స్. తర్వాత పెద్ద హాస్యనటుడైన ఆ రాబిన్ స్నేహం చివరిదాకా నిలిచింది. హాస్టల్‌లో ఒకే కంచంలో తిన్న స్నేహం ఎలాంటిదో మనకు వేరే చెప్పనక్కరలేదు.

1976లో బ్రాడ్‌వే నాటకరంగంలో మహానటి కాథరిన్ హెప్‌బర్న్ పక్కన మనవడి వేషం వేశారు. అప్పటికి ఆయన నాటకాల వాళ్ళకు తప్ప బయటి లోకానికి తెలియదు.

ఒకే ఒంట్లో ఇద్దరు

అప్పుడే దర్శకుడు రిచర్డ్ డానర్ 'సూపర్‌మేన్' సినిమాకు కథానాయకుణ్ణి వెతుకుతున్నారు. పేరున్న తారలెందరినో అనుకున్నారు. రీవ్ ఫోటో చూసి మొదట పక్కన పెట్టేశారు. కుర్రాడు మరీ చిన్నవాడు, మరీ బక్కపలచగా ఉన్నాడన్నది అభ్యంతరం. మనిషి ఆరడుగుల నాలుగంగుళాల పొడవు, ఒంట్లో మాత్రం కండ లేదు. చివరికి 1977లో పిలిచి పరీక్షించి, ఆయన్నే తీసుకున్నారు.

దుస్తుల లోపల దొంగ కండలు కుట్టించి పెడతామంటే రీవ్ ఒప్పుకోలేదు. డేవిడ్ ప్రౌజ్ అనే బరువులెత్తే వీరుడి దగ్గర వారాల తరబడి కసరత్తు చేసి సుమారు 30 పౌన్ల బరువు పెంచుకున్నారు. బొమ్మకైతే పెన్సిలుతో రెండు గీతలు గీస్తే కండ వస్తుంది. మనిషి చెమటోడ్చాలి.

అసలు గొప్ప కండల్లో లేదు. మేమంతా చిన్నప్పుడు వేసుకున్న ప్రశ్న ఒకటుంది. కళ్ళజోడు పెట్టుకున్నంత మాత్రాన సూపర్‌మేన్‌ను పక్కనే పనిచేసే లోయిస్ లేన్ ఎలా గుర్తుపట్టదు? కార్టూన్‌లో దానికి జవాబు లేదు, కళ్ళజోడు గీస్తే క్లార్క్, తీసేస్తే సూపర్‌మేన్. రీవ్ దానికి తన వెన్నెముకతో జవాబు చెప్పారు. క్లార్క్‌గా ఉన్నప్పుడు నడుం కాస్త వంచి, భుజాలు ముడిచి, మెడ లోపలికి లాక్కుని, తడబడుతూ, గొంతు పైకెత్తి మాట్లాడేవారు. మొదటి సినిమాలో లోయిస్ ఇంట్లో ఒక సన్నివేశం ఉంది. ఆమె లోపలికి వెళ్ళగానే క్లార్క్ నిజం చెప్పేద్దామనుకుని కళ్ళజోడు తీసి నిటారుగా నిలబడతాడు. కత్తిరింపు లేదు, కెమెరా మాయ లేదు. అదే కోటు, అదే మనిషి, మన కళ్ళ ముందే ఎత్తు పెరిగి వేరే మనిషి అవుతాడు. మరుక్షణం ధైర్యం చాలక మళ్ళీ కుంచించుకుపోతాడు. కార్టూన్ అభిమానులు సైతం కాదనలేని ఘట్టం అది.

ఇక ఎగరడం. ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో నెలల తరబడి రకరకాల ప్రయత్నాలు చేశారు. బొమ్మలు విసిరి చూశారు, గీసిన కార్టూన్‌తో కూడా ప్రయత్నించి నప్పక వదిలేశారు. చివరికి జోరాన్ పెరిసిక్ అనే సాంకేతిక నిపుణుడు ఒక ఉపాయం కనిపెట్టారు. సినిమా తీసే కెమెరాకు, వెనక దృశ్యాన్ని చూపే ప్రొజెక్టరుకు జూమ్ లెన్సులు బిగించి రెండూ కలిసి పనిచేసేలా అమర్చారు. దాంతో వెనక ఆకాశం ఉన్నట్టే ఉంటుంది, మనిషి మాత్రం దూరం నుంచి మన మీదికి వస్తున్నట్టు కనిపిస్తాడు. ఆ సినిమా దృశ్య మాయాజాలానికి ప్రత్యేక ఆస్కార్ వచ్చింది.

యంత్రం ఎంత గొప్పదైనా తీగలకు వేలాడేది మనిషే. రీవ్‌కు విమానం నడపడం వచ్చు. ఇంజను లేని గ్లైడర్ కూడా నడిపేవారు. మలుపు తిరిగేటప్పుడు రెక్క ఎటు వంగుతుందో తెలిసినవారు కాబట్టి తీగల మీద కూడా ఒంటిని అలాగే వంచేవారు. అందుకే ఆయన వేలాడుతున్నట్టు కాక ఎగురుతున్నట్టు ఉంటారు.

1978 డిసెంబరులో 'సూపర్‌మేన్' విడుదలై లోకమంతా ఆడింది. కొద్దిసేపు కనిపించిన మార్లన్ బ్రాండోకు 37 లక్షల డాలర్లు, లాభాల్లో వాటా. రీవ్‌కు రెండు సినిమాలకూ కలిపి రెండున్నర లక్షలు. అయినా జనం గుర్తుపెట్టుకున్నది రీవ్‌నే. బ్రిటిష్ అకాడమీ ఆయనకు కొత్త నటుల అవార్డు ఇచ్చింది. 1980లో రెండో భాగం, 1983లో మూడోది, 1987లో నాలుగోది వచ్చాయి. నాలుగోది అణ్వాయుధాలకు వ్యతిరేకంగా తీసిన సినిమా. కథలో రీవ్ చెయ్యి కూడా ఉంది. ఉద్దేశం మంచిదే గానీ సినిమా బాగా దెబ్బతింది.

సూపర్‌మేన్ ముద్ర పడిపోతుందని తెలిసి ఆయన నాటకాలు వదల్లేదు. 1980లో ఒక బ్రాడ్‌వే నాటకంలో వియత్నాం యుద్ధంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్న సైనికుడి వేషం వేశారు. 1987లో చిలీ దేశంలో పినోచెట్ నియంతృత్వం నడుస్తుండగా డెబ్బై మందికి పైగా నటీనటులకు చంపుతామని బెదిరింపులు వస్తే, వారికి తోడుగా నిలబడడానికి ఆ దేశం వెళ్ళి వచ్చారు. అక్కడ ఒంటి మీద ఎర్ర దుప్పటి లేదు, తీగలూ లేవు. తూటా తగిలితే చచ్చిపోయే మామూలు మనిషిగానే వెళ్ళారు.

1995 మే 27

ఒక సినిమాలో వేషం కోసం 1985లో గుర్రపు స్వారీ నేర్చుకున్నారు. గుర్రం దగ్గరికి వెళ్తే ఆయన ఒంటికి పడేది కాదు, మందులు వేసుకుని మరీ నేర్చుకున్నారు. తర్వాత అదే ఇష్టమైన ఆటయింది. 1992లో గాయని, నటి డేనాను వివాహం చేసుకున్నారు. ఆ ఏడే విల్ పుట్టాడు. అంతకుముందు జీవితంలో మాథ్యూ, అలెగ్జాండ్రా అనే ఇద్దరు పిల్లలున్నారు.

1995 మే నెలలో ఆయన నటించిన ఒక టీవీ చిత్రం ప్రసారమైంది. అందులో ఆయనది నడుం కింద చచ్చుబడిన పోలీసు పాత్ర. ఆ వేషం కోసం వెన్నుదెబ్బ తగిలినవాళ్ళుండే ఆస్పత్రికి వెళ్ళి వాళ్ళు కుర్చీలోంచి కారులోకి ఎలా మారతారో నేర్చుకున్నారు. అది ప్రసారమైన వారం తిరగకుండానే, మే 27న వర్జీనియా రాష్ట్రంలోని కల్పెపర్‌లో గుర్రపు పందెంలో దిగారు. మూడో అడ్డంకి దగ్గర గుర్రం దూకకుండా ఆగిపోయింది. రీవ్ ముందుకు పడిపోయారు. చేతులు కళ్ళెంలో చిక్కుకోవడంతో నేలకు ఆనించలేకపోయారు. తల నేలకు కొట్టుకుంది. మెడలోని మొదటి రెండు వెన్నుపూసలు విరిగాయి. అప్పటికి ఆయనకు 42 ఏళ్ళు. విల్‌కు మూడేళ్ళు నిండలేదు.

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే కాళ్ళు చేతులే కాదు, ఊపిరి కూడా ఆగిపోవచ్చు. మెదడు పంపే ఆజ్ఞ కిందికి చేరదు. అప్పటినుంచి ఆయన ఊపిరి తీసింది చాలావరకు గొంతుకు తగిలించిన యంత్రంతోనే. డాక్టర్లు పుర్రెను వెన్నెముకకు తిరిగి అతికించే ఆపరేషన్ చేశారు.

స్పృహ వచ్చి సంగతి తెలిశాక, తాను బతకడం అందరికీ బరువని, పోనివ్వడమే మేలేమోనని ఆయన భార్యతో అన్నారు. నిర్ణయం ఏదైనా అది మీదేనని, అయితే లోపలి మనిషి మాత్రం మారలేదని, తనకు కావలసింది ఆ మనిషేనని డేనా చెప్పింది. ఆ మాట మీద ఆయన నిలబడ్డారు. ఆపరేషన్‌కు ముందు రోజుల్లో పచ్చ గౌను వేసుకున్న రష్యా డాక్టరొకడు గదిలోకి వచ్చి వింత యాసలో ఏదో వాగడం మొదలుపెట్టాడు. చూస్తే పాత స్నేహితుడు రాబిన్ విలియమ్స్. ప్రమాదం తర్వాత రీవ్ నవ్వింది అప్పుడే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 2001లో మా చిన్నాన్న సెంట్రింగ్ పనికి వెళ్ళి రెండో అంతస్తు నుంచి పడ్డాడు. నేనప్పుడు ఇంటర్. పక్కన పనిచేసేవాళ్ళు కంగారులో కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. నడుం కింద స్పర్శ పోయింది. ఇంటికి తెచ్చాక మంచం మీదే ఉండేవాడు. వెనక పుండ్లు పడతాయని, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలని మాకు ఎవరూ చెప్పలేదు. మూడో ఏడు ఆ పుండ్లే ఆయన్ను తీసుకుపోయాయి. చిన్నాన్న చనిపోయిన ఏడాదే, 2004లో, పేపర్లో రీవ్ మరణవార్త చదివాను. చిన్నప్పుడు వరండాలో వాదించిన సూపర్‌మేన్ ఈయనే అని, ఈయనకూ పుండు వల్లే జబ్బు చేసిందని చదివి కాసేపు పేపరు మడవలేకపోయాను.

మళ్ళీ పనిలోకి

న్యూజెర్సీలోని కెస్లర్ పునరావాస కేంద్రంలో ఆరు నెలలు ఉండి 1995 చివరలో రీవ్ ఇంటికి వచ్చారు. గొట్టంలోకి ఊదితే, పీలిస్తే కదిలే చక్రాల కుర్చీ ఆయన వాహనమయింది. 1996 మార్చిలో ఆస్కార్ సభ వేదిక మీద తెర తీయగానే ఆయన కుర్చీలో కనిపించారు. సభంతా లేచి నిలబడింది.

ఆ తర్వాత ఆయన ఊరికే కూర్చోలేదు. అదే ఏడు అట్లాంటాలో జరిగిన పారాలింపిక్స్ ప్రారంభోత్సవానికి వ్యాఖ్యాతగా వ్యవహరించారు. 1997లో ఒక టీవీ చిత్రానికి దర్శకత్వం వహించారు. 1998లో 'రియర్ విండో' చిత్రంలో చక్రాల కుర్చీలోని మనిషిగానే నటించి నటుల సంఘం అవార్డు అందుకున్నారు. తన జీవిత కథ రాశారు. వెన్నుపాము పరిశోధనకు నిధులు సేకరించే సంస్థకు నాయకత్వం వహించారు. నేడు అది క్రిస్టఫర్ అండ్ డేనా రీవ్ ఫౌండేషన్ పేరుతో నడుస్తోంది.

ఆయనకు డబ్బుంది, పగలూ రాత్రీ నర్సులున్నారు. మా చిన్నాన్నకు చిన్నమ్మ ఒక్కతే. ఈ తేడా దాచిపెట్టి ఆయన్ను పొగడడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ తేడా ఆయనకూ తెలుసు. కెస్లర్‌లో తన పక్కనున్న రోగులు బీమా సొమ్ము అయిపోతుందని భయపడడం ఆయన కళ్ళారా చూశారు. అమెరికాలో చాలా బీమా కంపెనీలు ఒక మనిషికి జీవితం మొత్తం మీద పది లక్షల డాలర్లే ఇచ్చేవి. ఆ పరిమితిని కోటి డాలర్లకు పెంచాలని చట్టసభ చుట్టూ తిరిగారు. ఆ కోరిక అప్పటికి నెరవేరలేదు. ఆయన పోయిన ఆరేళ్ళకు, 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం అలాంటి జీవితకాల పరిమితులను తీసేసింది.

నడిచిన బొమ్మ

ఆయన్ను విమర్శించినవాళ్ళూ ఉన్నారు. అందులో ముఖ్యమైనది మన తగువుకు సంబంధించినదే. 2000 జనవరిలో అమెరికాలో ఫుట్‌బాల్ ఫైనల్ ఆటప్పుడు ఒక ఆర్థిక సంస్థ ప్రకటన టీవీలో వచ్చింది. అందులో రీవ్ కుర్చీలోంచి లేచి వేదిక మీదికి నడిచారు. నడిచింది ఆయన కాదు, కంప్యూటర్‌తో చేసిన బొమ్మ. ఒంటికి ఆయన ముఖం అతికించారు. కానీ చూసినవాళ్ళలో కొందరు నిజమనుకున్నారు. ఆయనకు నయమైందట, ఆ వైద్యం మాకూ చెప్పండని ఫోన్లు చేశారు.

వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్ళు కోప్పడ్డారు. లేచి నడవడం ఒక్కటే గౌరవమన్నట్టు చూపిస్తే, ఎప్పటికీ లేవలేని లక్షల మంది గతేమిటని అడిగారు. మందు వచ్చేదెప్పుడో, ముందు మెట్ల పక్కన ర్యాంపు కట్టండి, బస్సెక్కే వీలు చెయ్యండి, ఉద్యోగం ఇవ్వండి అన్నారు. ఆశ లేకపోతే పరిశోధన జరగదన్నది రీవ్ వైపు మాట. చాలాకాలం ఆలోచించాక నాకు రెండు పక్షాలూ సబబే అనిపిస్తాయి. కానీ ఆ ప్రకటన మాత్రం ఆయన చేసిన వాటిలో నాకు నచ్చనిది. అక్కడ ఆయన కూడా బొమ్మ పక్షం చేరిపోయారు.

నిజమైన ఒంటితో ఆయన సాధించింది చిన్నదే. ఏళ్ళ తరబడి కరెంటు స్పర్శతో కండరాలు కదిలించే సైకిలు తొక్కించుకున్నారు, నీళ్ళలో సాధన చేశారు. 2000లో ఒకరోజు ఎడమచేతి చూపుడు వేలు ఆయన అనుకున్నప్పుడు కదిలింది. ప్రమాదం జరిగి ఐదేళ్ళయ్యాక అలా జరగదని అప్పటి వైద్యుల నమ్మకం. ఆయన విషయాన్ని డాక్టర్లు వైద్య పత్రికలో ప్రచురించారు. కంప్యూటర్ బొమ్మ వేదికంతా నడిచినదానికన్నా ఆ ఒక్క వేలు కదలడం నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

చివరి రోజులు

2003లో 'స్మాల్‌విల్' అనే టీవీ సీరియల్‌లో చక్రాల కుర్చీలోని శాస్త్రవేత్తగా కనిపించారు. కుర్రవాడైన క్లార్క్‌కు అతని పుట్టుక రహస్యం చెప్పే పాత్ర అది. పాత సూపర్‌మేన్ కొత్త సూపర్‌మేన్‌కు బాధ్యత అప్పగించినట్టుందని అభిమానులు మురిసిపోయారు.

2004 అక్టోబరు 10న, పుండు వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్‌కు చికిత్స పొందుతుండగా గుండె ఆగి రీవ్ కన్నుమూశారు. వయసు 52. తొమ్మిదేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న డేనాకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. పొగతాగే అలవాటు లేని ఆమె 2006 మార్చిలో మరణించింది. విల్ 13 ఏళ్ళకే అమ్మానాన్న లేనివాడయ్యాడు. ఆ పిల్లవాడు చదువుకుని టీవీ విలేకరి అయ్యాడు. 2025 నాటి 'సూపర్‌మేన్'లో విలేకరిగానే ఒక్క క్షణం కనిపిస్తాడు. మన తొమ్మిదో తరగతి పిల్లలు ఈసారి చూసినప్పుడు గమనించాలి.

ఇంకో సంగతి. చనిపోయేనాటికి రీవ్ దర్శకత్వం చేస్తున్నది ఒక కార్టూన్ సినిమా. పేరు 'ఎవ్రీవన్స్ హీరో'. 1932 నాటి అమెరికాలో ఒక చిన్న పిల్లవాడు, తానూ ఆటలో ఎందుకూ పనికిరానివాడైనా, తన అభిమాన క్రీడాకారుడి దొంగిలించబడిన బ్యాటు తెచ్చివ్వడానికి బయల్దేరే కథ. అందులో తల్లి పాత్రకు డేనా గొంతు ఇచ్చింది. ఇద్దరూ పోయాక, 2006 సెప్టెంబరులో అది విడుదలైంది. తన ఒళ్ళు కదలని మనిషి బొమ్మలను కదిలించాడు.

ఇంతకీ ఎవరు గొప్ప?

2023లో వచ్చిన 'ది ఫ్లాష్' సినిమాలో రీవ్ ముఖాన్ని కంప్యూటర్‌తో తయారుచేసి మళ్ళీ సూపర్‌మేన్‌గా చూపించారు. చాలామంది అభిమానులకు అది నచ్చలేదు. అచ్చం ఆయనలాగే ఉంది, కానీ ఆయన లేరు. ఇప్పుడు సినిమాకు, కార్టూన్‌కు మధ్య గోడ పడిపోయింది. సినిమాల్లో ఎగిరేదీ చాలావరకు బొమ్మే. కాబట్టి తమ్ముళ్ళారా, మీ తగువు మా తగువుకన్నా కష్టమైనది.

నా తీర్పు అడిగితే చెబుతాను. బొమ్మ సూపర్‌మేన్ గొప్పే. రాత్రి దీపం ఆరాక దుప్పటిలో కలలు కనడానికి అతను కావాలి. అతనికి మెడ విరగదు, ఆకలి వెయ్యదు, అమ్మ గుర్తుకు రాదు. మనిషి సూపర్‌మేన్‌కు ఇవన్నీ ఉంటాయి. రీవ్ ఎగిరిన దృశ్యం ఇప్పటికీ బాగుండడానికి కారణం ఆ ఒళ్ళు పడగలదని మనకు తెలియడమే. పడింది కూడా. పడ్డాక తొమ్మిదేళ్ళు ఆయన చేసిన పని ఏ కార్టూన్‌లోనూ లేదు.

చివరిగా రెండు మాటలు. ఎవరైనా ఎత్తు నుంచి పడితే, మెడకో నడుముకో దెబ్బ తగిలిందని అనుమానం వస్తే, కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తకండి, కూర్చోబెట్టకండి. మెడ కదలకుండా ఉన్నచోటే ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. మంచాన పడినవాళ్ళు ఇంట్లో ఉంటే రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి, వీపు చూడండి. ఇది తెలియక మా ఇంట్లో ఒక మనిషి పోయాడు. చదువుకున్నవాళ్ళుగా మీరు మీ ఊళ్ళో నలుగురికి చెప్పండి.

రెండోది పూర్వ విద్యార్థులకు. మన హాస్టల్ గడప దగ్గర మూడు మెట్లున్నాయి. నేను ఇక్కడ ఉన్న ఐదేళ్ళలో చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడు ఒక్కడూ లోపలికి రాలేదు. రాలేదంటే అలాంటి పిల్లలు మన మండలంలో లేరని కాదు, ఆ మెట్లు దాటలేకపోయారని. ఈ వార్షికోత్సవానికి దండలకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చు తగ్గించి ఆ మెట్ల పక్కన ఒక ర్యాంపు పోయిద్దాం. సిమెంటు బస్తాలు నా వంతు. మిగతాది మీరు చూడండి.